ఈయనేనండి

సంతకం పెట్టడానికి నాకెప్పుడూ కళ్లజోడు అవసరం పడలేదు. చదవడానికి కావాలి, సంతకానికి అక్కర్లేదు. ముప్పై ఏళ్ల పైచిలుకు రెవెన్యూలో పనిచేశాను. అందులో చివరి పదిహేనేళ్లూ వీఆర్వోని. ఎక్కడ పెట్టాలో ఎదుటివాళ్లు వేలుతో చూపిస్తే చాలు, చెయ్యి దానంతటదే వెళ్లిపోయేది. నా సంతకం ముత్యాల్లా ఉంటుందని ఆఫీసులో పేరు. నా నోరు మంచిది కాదని కూడా పేరు. రెండూ నిజమే.

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేంత దగ్గరివాళ్లు ఇప్పుడెవరూ లేరు కూడా. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నది వేరే సంగతి, అది చెప్పను. అమ్మ పోయాక రామచంద్రపురంలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఏ మండలంలో పనిచేశానో, ఏ స్టేషన్ వాళ్లతో పని పడిందో కూడా చెప్పను. చెప్పి ఇప్పుడు ఎవరిని సాధించాలి.

పోలీసువాళ్లు గంజాయి లాంటిది పట్టుకున్నారనుకోండి. సోదా చేసేటప్పుడు ఇద్దరు బయటి మనుషులు పక్కన నిలబడి చూడాలి. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎంత తూగింది అన్నీ కాగితం మీద రాస్తారు. ఆ ఇద్దరూ కింద సంతకాలు పెట్టాలి. వాళ్లని మధ్యవర్తులంటారు. మా వైపు ఆ ఇద్దరూ చాలావరకు వీఆర్వోలే. దారిన పోయేవాళ్లని పిలిస్తే కోర్టుకి రారు, వచ్చినా అక్కడ నీళ్లు నములుతారు. గవర్నమెంటు ఉద్యోగి అయితే సమను అందగానే వస్తాడు, కాగితంలో ఏముందో అదే చెప్తాడు. అందుకని స్టేషన్ నుంచి ఎమ్మార్వో ఆఫీసుకి ఫోనొచ్చేది, ఇద్దరిని పంపమని.

కొన్నిసార్లు నిజంగానే వెళ్లేవాళ్లం. రోడ్డు పక్కన ఎండలో గంటలు గంటలు నిలబడిన రోజులున్నాయి. కానీ మేం వెళ్లడానికి బదులు కాగితాలే మా దగ్గరికి వచ్చిన రోజులు అంతకన్నా ఎక్కువ. స్పాట్‌లో అంతా అయిపోయిందండి, మీరు సంతకాలు పెట్టెయ్యండి అని కానిస్టేబులు ఫైలు తెచ్చేవాడు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటూ పెట్టే పది సంతకాల్లో అవీ కలిసిపోయేవి.

ఆ రోజు కూడా అంతే. కోతల ముందు తుఫాను వచ్చి చేలన్నీ పడుకున్నాయి. నీళ్లలో నానిన కంకులు మొలకెత్తుతున్నాయి. పంట నష్టం రాయడానికి ఊళ్లు తిరుగుతున్నాం. ప్రతి చేనుకీ ఫోనులో ఫోటో తియ్యాలి, ఫోటోలో రైతుతోపాటు మేమూ కనబడాలి, కింద తేదీ, టైము, చోటు దానంతటవే పడతాయి. గట్టు మీద నిలబడి ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. నేను దిగేదాన్ని. దిగకపోతే ఎంత పోయిందో ఎలా తెలుస్తుంది? ఆ రోజు పొద్దుటినుంచి మోకాలిలోతు బురదలోనే ఉన్నాను.

మూడు దాటాక ఆఫీసుకొచ్చాను. కాళ్లు కడుక్కుని కుర్చీలో కూలబడ్డానో లేదో ఒక కానిస్టేబులు వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫైలు.

"రెండు నిమిషాలండి మేడమ్‌గారు. గంజాయి కేసు. వ్యాను పట్టుకున్నాం."

"రెండు నిమిషాలని రెండు వందలసార్లు చెప్పారు మీరు. అన్నం తిననిస్తారా లేదా?"

"సంతకాలైపోతే వెళ్లిపోతానండి. సీఐ గారు అక్కడ కూర్చున్నారు."

నాతోపాటు సంతకం పెట్టాల్సిన రెండో మధ్యవర్తి పక్క సీటులోనే ఉన్నాడు. అతనూ వీఆర్వోయే, నాకన్నా బాగా చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. అప్పటికే పెట్టేసి పెన్ను నా వైపు జరిపాడు. ఐదు కాగితాలు. తరవాత సంచుల మీద, శాంపిల్ పొట్లాల మీద అతికించడానికి ఖాళీ చిట్టీలు, వాటిమీద కూడా. ఇంత వికారమైన చేతిరాత ఎక్కడ నేర్చుకున్నారయ్యా అని కానిస్టేబుల్ని ఒకటి అన్నాను. అతను నవ్వాడు. క్యారేజీ విప్పితే పులుసు వాసనొస్తోంది, పారబోశాను. ఆ రోజు గురించి నాకు బాగా గుర్తున్నది ఆ పులుసే.

ఏడాదిన్నర తరవాత రాజమండ్రి కోర్టు నుంచి సమను వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. వరండాలో ప్రభుత్వ లాయరు గారి గుమస్తా ఆ కాగితాల నకలు చేతిలో పెట్టి, ఒకసారి చూసుకోండమ్మా అన్నాడు. నేను ఆ ఐదు పేజీలూ పూర్తిగా చదవడం అదే మొదటిసారి, అదీ కళ్లజోడు పెట్టుకుని. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కాలువ వంతెన దగ్గర వాహనాలు తనిఖీ చేస్తున్నారట. మొక్కలు తోలే వ్యాను ఒకటి పోలీసుల్ని చూసి వెనక్కి తిరగబోయిందట. ఆపి చూస్తే ఖాళీ బుట్టల కింద రెండు గంజాయి సంచులున్నాయట. ఇదంతా మా సమక్షంలో మూడున్నర దాకా జరిగిందట. బడిలో పద్యం బట్టీ పట్టినట్టు టైములూ, తూకాలూ బట్టీ పట్టాను. పరీక్షల్లో నేనెప్పుడూ ఫస్టే.

బోనెక్కాను. దేవుడి ఎదుట ప్రమాణం చేయించారు. మాది లూథరన్ కుటుంబం. ఆదివారం గుడి మానను, ప్రమాణం మాట తేలిగ్గా అనేదాన్నీ కాదు. అయినా అక్కడ ఆ మాటలు పలుకుతుంటే నాకేమీ అనిపించలేదు. ఆఫీసు పని చేస్తున్నట్టే ఉంది.

ప్రభుత్వ లాయరు అడిగిన వాటికల్లా గడగడా చెప్పాను. ఆఖరున ఆయన, "ఆ రోజు వ్యానులో ఉన్న మనిషి ఇక్కడున్నాడా?" అన్నారు.

అటు తిరిగి చూశాను. ముప్పై ఏళ్లవాడు. సన్నగా, నల్లగా, గళ్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. నేను చూడగానే అతని ముఖం విప్పారింది. చిన్నగా నవ్వాడు కూడా. గంజాయి కేసులో నిలబడి నవ్వుతున్నాడేంటి, ఎంత పొగరు అనుకున్నాను. ఒళ్లు మండింది.

"ఈయనేనండి," అన్నాను.

నేనతన్ని చూడటం అదే మొదటిసారి.

అతని తరఫు లాయరు ఎవరో కుర్రాడు, ఇంకో కోర్టుకి పరుగెత్తే తొందరలో ఉన్నాడు. లేచి, "మీరు ఆ చోటికి వెళ్లనే లేదు, ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టారు అంటున్నాను," అన్నాడు. ప్రతి కేసులోనూ ప్రతి సాక్షినీ ఆ మాట అడుగుతారు. ప్రతి సాక్షీ ఒకే జవాబు చెప్తాడు. "నిజం కాదండి," అన్నాను నేనూ. కిందికి దిగేటప్పుడు మళ్లీ చూశాను. నవ్వు లేదు. తల వంచుకుని చేతులవైపు చూసుకుంటున్నాడు. పొగరు దిగింది అనుకున్నాను. అవును, సరిగ్గా అలాగే అనుకున్నాను. దాచిపెట్టి ఏం లాభం.

తీర్పు సంగతి మా రెండో మధ్యవర్తే ఫోను చేసి చెప్పాడు. "అక్కా, మన కేసులో శిక్ష పడిందండి. పదేళ్లు."

బెండకాయలు తరుగుతున్నాను. ఓహో అన్నాను. తరగడం ఆపలేదు.

తరవాత కొన్ని నెలలకే రిటైరయ్యాను. దండలు వేశారు, శాలువా కప్పారు, ఒక్కరి దగ్గరా చెయ్యి చాచని మనిషి అని పొగిడారు. అది నిజమే, నేనెప్పుడూ ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఆ మాట విని కళ్లు చెమర్చాయి. ఇంటికొచ్చి గొళ్లెం వేసుకున్నాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసింది. అప్పటిదాకా ఇల్లంటే పడుకునే చోటు. ఇప్పుడు పొద్దున్నించి సాయంత్రం దాకా అందులోనే ఉండాలి. మాటలు వినబడతాయని టీవీ పెట్టి వేరే గదిలో కూర్చునేదాన్ని. రోజూ సాయంత్రం ఆరింటికి మా తమ్ముడు, అంటే ఆ రెండో మధ్యవర్తి, ఫోను చేసేవాడు. ఎవరికి ట్రాన్స్‌ఫరైంది, ఎవరు ఎవరితో గొడవపడ్డారు, అవే కబుర్లు. ఐదున్నరకే ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఈ మాట అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున పదింటికి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. పాతికేళ్లుంటాయేమో. వేళ్ల నిండా సన్నటి కత్తిగాట్లు. నర్సరీలో మామిడి అంట్లు కట్టే ఆడవాళ్ల వేళ్లు అలా ఉంటాయి, నాకు తెలుసు.

"వీఆర్వో గారేనాండి?"

"రిటైరయ్యాను. పనుంటే ఆఫీసుకెళ్లు."

"ఆఫీసు పని కాదండి. మా ఆయన వ్యాను డ్రైవరండి. గంజాయి కేసులో సెంట్రల్ జైల్లో ఉన్నారండి. మీరే సాక్ష్యం చెప్పారు."

ఒంటికాలి మీద లేచాను. ఇంటికొచ్చి బెదిరిస్తావా, పోలీసులకి ఫోను చెయ్యమంటావా, గంజాయి తోలినప్పుడు తెలియలేదా అని నోటికొచ్చిందల్లా అన్నాను. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. ఆవిడ కదల్లేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లిగా అంది.

"మీరు తిడతారని చెప్పారండి. తిట్టాక వింటారని కూడా చెప్పారండి."

"ఎవరు చెప్పారు?"

చెప్పింది ఒక కౌలురైతు. అప్పీలుకి కొత్త లాయరుని పెట్టుకున్నారట. ఆయన కాగితాలన్నీ చదివి, ఈ మధ్యవర్తులిద్దరూ ఆ టైములో నిజంగా వంతెన దగ్గరున్నారో లేదో తెలుసుకోవాలి అన్నాడట. ఈవిడ నా పరిధిలోని ఊళ్లన్నీ ఒక్కొక్కటే తిరిగిందట, నర్సరీ పని లేని రోజుల్లో. ఫలానా తుఫాను తరవాత ఫలానా రోజు వీఆర్వో గారు ఎక్కడున్నారో గుర్తుందా అని అడుగుతూ. ఎవరికి గుర్తుంటుంది? కానీ పంట పోయిన రైతుకి ఆ రోజు గుర్తుంటుంది. ఆ కౌలురైతు నా గురించి గొప్పగా చెప్పాడట. అందరూ గట్టు మీద నిలబడతారమ్మా, మేడమ్‌గారొక్కరే చేలోకి దిగారు, ఒంటిగంట దాటి రెండింటి దాకా మా చేలోనే ఉన్నారు, ఇదిగో ఫోటో అని ఫోనులో చూపించాడట. నేనే పంపించానట అతనికి.

ఆవిడ గేటు సందులోంచి ఒక కాగితం లోపలికి పెట్టింది. ఆఫీసు నుంచి సమాచార హక్కు కింద తీసుకున్న నకలు. కళ్లజోడు తెచ్చుకుని చూశాను. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, ముఖం చిటపటలాడుతూ బురదలో నేను. కింద తేదీ. టైము ఒంటిగంట నలభై రెండు. వంతెన అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైమాటే.

"ఇది మీరేనాండి?"

కాగితం మడిచి చేతిలోనే పట్టుకున్నాను.

ఆవిడ తన భర్త చెప్పినట్టు చెప్పుకుపోయింది. వ్యాను ఆపింది మధ్యాహ్నం కాదట, పొద్దున తొమ్మిదింటికి. వంతెన దగ్గర కానేకాదట, ఊళ్లో సెంటర్లో. వెనక లైటు వెలగట్లేదని ఆపారట. మాటా మాటా పెరిగిందట. వ్యానుతో సహా స్టేషన్‌కి తీసుకెళ్లి కూర్చోబెట్టారట. సంచుల్ని అతను మొదటిసారి చూసింది స్టేషన్ వరండాలోనేనట. నిజమో కాదో నాకు తెలియదు. ఆ సంచులు అతనివో కావో ఈ రోజుకీ తెలియదు. నేను అక్కడ లేనన్న సంగతి ఒక్కటే నాకు తెలుసు.

"కోర్టులో మిమ్మల్ని చూసి ఆయన ఎంతో ధైర్యం తెచ్చుకున్నారటండి," అంది వెళ్లబోతూ. "ఈవిడ అసలు రానేలేదు కదా, నన్ను చూడలేదనే చెప్తారు, నేను బయటపడ్డాను అనుకున్నారటండి. అందుకే నవ్వొచ్చేసిందటండి. జైల్లో ములాఖత్‌కి వెళ్లినప్పుడల్లా అదే చెప్తారు. ఆవిడకి నామీద కోపమెందుకే, నేనేం చేశాను అంటారండి."

ఆవిడ వెళ్లిపోయాక గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తల కొట్టేసినట్టయింది. పొగరు అనుకున్నాను నేను దాన్ని.

ఆ సాయంత్రం ఆరింటికి ఫోనొస్తే మా తమ్ముడికి చెప్పాను. మర్నాడే పరుగెత్తుకొచ్చాడు. ఎప్పుడూ సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చునేవాడు, ఆ రోజు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"అక్కా, మీరు రిటైరైపోయారు. నాకింకా పన్నెండేళ్లుంది. మీరు లేరంటే నేనూ లేనట్టే కదండీ."

"లేవు కదరా. పక్క సీటులోనే ఉన్నావు."

"అది మనకి తెలుసండి. రాతలో ఉన్నాం కదా. ఇప్పుడు లేమంటే ప్రమాణం చేసి అబద్ధం చెప్పామని మన మీదే కేసు పెడతారు. ఇలాంటివి ఎన్ని సంతకాలు పెట్టాం, అన్నీ తవ్వుతారా? ఎవడో డ్రైవరు కోసం మీరు బోనెక్కుతారా?"

అతనన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు కాదు. టీ పెట్టాను, తాగలేదు. గుమ్మం దిగుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆలోచించుకోండి అక్కా అన్నాడు. నాకు వాడంటే ప్రేమ. ఆ మాట ఇక్కడ రాస్తున్నాను, చదువుతాడో లేదో.

ఆదివారం గుడికి వెళ్లాను. ఆడవాళ్ల వైపు మూడో బల్ల, చిన్నప్పటినుంచి అదే నా చోటు. అందరం కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన వచ్చింది. రెండొందల గొంతుల్లో నా గొంతు. ఎన్నేళ్లుగా చెప్తున్నాను, నోరు నొప్పి పుట్టలేదు. అందరితో కలిసి ఒప్పుకోవడం ఎంత సుఖమో ఆ రోజు అర్థమైంది. ఎవరూ పక్కకి తిరిగి నీ పాపమేంటి అని అడగరు. ప్రార్థన మధ్యలోనే ఆపేశాను. లేచి బయటికొచ్చేశాను. పక్కావిడ బీపీ ఏమో అనుకుని మంచినీళ్లు తెచ్చింది.

అక్కణ్నుంచి కూడా నిర్ణయం ఒక్కరోజులో రాలేదు. నేనేమీ మహాత్మురాలిని కాదు. ఆవిడ ఇంకో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నేను తలుపు తియ్యలేదు. కిటికీ తెర వెనక నిలబడి ఆవిడ వెళ్లేదాకా చూశాను. రెండోసారి ఆవిడ గేటు బయట గడ్డి మొలిచిన చోట గొంతుక్కూర్చుని ఆ గడ్డి పీకింది, ఊరికే, చేతులు ఖాళీగా ఉండలేక. పీకిన గడ్డి కుప్పగా పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేదు. మర్నాడు వాళ్ల అప్పీలు లాయరుకి నేనే ఫోను చేశాను.

ఆయన అఫిడవిట్ తయారుచేసి పంపించారు. నేను వంతెన దగ్గరికి వెళ్లలేదని, ముద్దాయిని చూడలేదని, సంతకాలు ఆఫీసులో పెట్టానని. సంతకం పెట్టే ముందు మూడుసార్లు చదివాను. రెండో పేజీలో ఫోటో టైము తప్పు పడితే దిద్దించాను. హైకోర్టు నన్ను మళ్లీ విచారించమని రాజమండ్రి కోర్టుకి పంపడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఈ ఎనిమిది నెలల్లో ఏం జరిగిందో చెప్తాను, ఎక్కువేం లేదు. మా వీఆర్వోల వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఎవరు తీశారో ఫోనే చూపించింది. సాయంత్రం ఆరింటికి ఫోను రావడం ఆగిపోయింది. అయినా ఐదున్నరకి ఫోను ఒళ్లో పెట్టుకోవడం నాకు ఆగలేదు, పిచ్చిముఖాన్ని. ఆఫీసుకి ఏదో సర్టిఫికెట్ పని మీద వెళ్తే నాతో పదేళ్లు క్యారేజీ పంచుకున్నావిడ కంప్యూటర్లోంచి తలెత్తలేదు. నన్ను తిట్టినవాళ్లు ఒక్కరూ లేరు. తిడితే బాగుండేది, తిట్టడం నాకు తెలిసిన భాష. మాట్లాడకుండా ఉంటే ఏం చెయ్యాలి నేను?

రెండోసారి బోనెక్కినప్పుడు జడ్జిగారు వేరే ఆయన. పెద్దాయన.

"మీరు ఇప్పుడు చెప్పబోయేది మీకే ఇబ్బంది తెస్తుంది. తెలుసా అమ్మా?"

"తెలుసండి."

ఈసారి ప్రమాణం మాటలు ఒక్కొక్కటే అర్థం చూసుకుంటూ పలికాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, బురద, పులుసు, ఖాళీ చిట్టీలు అన్నీ. పులుసు సంగతి రాయక్కర్లేదన్నారు జడ్జిగారు. తరవాత ప్రభుత్వ లాయరు లేచారు.

"ముద్దాయి తరఫువాళ్లు మీకేం ఇచ్చారు?"

"నా సర్వీసులో ఒకరి దగ్గర టీ కూడా తాగలేదండి నేను."

"అబద్ధం మాత్రం చెప్పారు."

"చెప్పానండి."

"అప్పుడు ఇతన్ని గుర్తుపట్టారు కదా?"

ఎస్కార్టు పోలీసుల మధ్య నిలబడి ఉన్నాడు. జుట్టు బాగా పలచబడింది. ఈసారి నవ్వలేదు. నా వైపు చూడను కూడా లేదు, కిటికీ బయట కాకి ఏదో పీక్కుంటుంటే అది చూస్తున్నాడు.

"అప్పుడు ఇదే కోర్టులో మొదటిసారి చూశానండి. చూసి, ఈయనేనన్నాను."

టైపు చేసే ఆవిడ ఆ మాట కొట్టింది. అప్పుడైనా అతను తలతిప్పుతాడేమోనని చూశాను. తిప్పలేదు. బయటికొచ్చాక వరండాలో అతని భార్య బల్లమీద కూర్చుని ఉంది. లేచి నిలబడింది, అంతే. దండం పెట్టలేదు, దగ్గరికీ రాలేదు. బస్సుకి టైమవుతోందని నేనూ ఆగలేదు. ద్రాక్షారామం వైపు వెళ్లే జనంతో బస్సు కిక్కిరిసిపోయింది, దారంతా నిలబడే వచ్చాను.

అప్పీలు గెలిచారు. సోదా కాగితంలో రాసినట్టు జరిగిందని నమ్మలేమన్నారట హైకోర్టు వారు. బండి ఎక్కడ ఆపారో, ఎప్పుడు ఆపారో కూడా నిలబడలేదట. లాయరు ఫోనులో రెండు ముక్కల్లో చెప్పారు. అప్పటికి అతను లోపల గడిపింది నాలుగేళ్లకి కాస్త తక్కువ. నా మీద, మా తమ్ముడి మీద అబద్ధపు సాక్ష్యం కేసు ఇంకా నడుస్తోంది. వాడు సస్పెన్షన్‌లో ఉన్నాడు. వాయిదాలకి ఇద్దరం ఒకే వరండాలో ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం నిలబడతాం.

అతను విడుదలై ఇంటికెళ్లాడని తెలిసిన రోజు నుంచి నేను వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఎందుకో నాకు తెలుసు. వస్తారనుకున్నాను. దండాలు పెట్టాలని కాదు. నాలుగేళ్లు తినేశావు కదే అని గేటు దగ్గర నిలబడి తిట్టినా సరే, వస్తారనుకున్నాను. బిస్కట్లు కూడా తెచ్చి డబ్బాలో పోశాను. నెల గడిచాక మెత్తబడిపోయాయి.

చివరికి నేనే బయల్దేరాను. కరివేపాకు మొక్క కావాలని నాకు నేనే ఒక సాకు చెప్పుకుని, కడియం వైపు ఆటో మాట్లాడుకున్నాను. ఆవిడ పనిచేసే నర్సరీ ఎక్కడో లాయరు పంపిన కాగితాల్లో చదివాను. పచ్చ నెట్ కింద పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని అంట్లు కడుతున్నారు. వాళ్లలో ఆవిడ ఉంది. తలెత్తి నన్ను చూసింది. ఒక్క క్షణం కత్తి ఆగింది. మళ్లీ తల దించుకుని కొమ్మకి ప్లాస్టిక్ రిబ్బను చుట్టుకుంటూ పోయింది.

అతను వ్యానులోకి మొక్కలు ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏం కావాలండి?"

"కరివేపాకు మొక్క."

రెండు మూడు తీసి పక్కన పెట్టి, ఆకులు తిప్పి చూసి, ఒకటి ఏరాడు. ఇది బతుకుతుందండి అన్నాడు. ఆటో దాకా మోసుకొచ్చాడు. నా నోరు ఎవరి ముందూ ఆగింది కాదు, అక్కడ ఆగిపోయింది. దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. ఆఖరికి వచ్చిన మాట ఇది.

"నన్ను గుర్తుపట్టారా?"

అతను మొక్కని సీటు పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాడు. నా ముఖంలోకి తేరిపార చూశాడు. తొందరేం పడలేదు. ఆ రోజు కోర్టులో నేనతన్ని ఎంతసేపు చూశానో అంతసేపు చూశాడు.

"లేదండి," అన్నాడు. "మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదండి."

కుండీ కదలకుండా కింద ఒక ఇటుక ముక్క అడ్డం పెట్టాడు. ఎండ తగిలే చోట పెట్టుకోండి, రోజూ నీళ్లు పొయ్యకండి అని చెప్పి వ్యాను వైపు వెళ్లిపోయాడు. ఆటో కదిలింది. ఇటుక అడ్డం ఉన్నా మొక్కని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను.